బీ ఫారం ఓటరు చేతిలోనే: అమెరికాలో ఏ ఎన్నిక ఎలా జరుగుతుంది?

సిటిజన్‌షిప్ వచ్చాక మొదటిసారి ఓటెయ్యడానికి వెళ్లిన రోజు నాకు బాగా గుర్తు. ప్రెసిడెంట్ పేరు దగ్గర గడి నింపాను, సెనేటర్ దగ్గర నింపాను. కాగితం తిప్పితే ఇంకా బోలెడు పేర్లు. కౌంటీ కమిషనర్లు, జడ్జీలు, స్కూల్ బోర్డు సభ్యులు, చివర్లో ఏదో బాండుకు అవునా కాదా అని ఒక ప్రశ్న. ఒక్క పేరూ తెలియదు. వెనక క్యూలో జనం. అవన్నీ ఖాళీగా వదిలేసి, 'ఐ ఓటెడ్' స్టిక్కర్ చొక్కాకు అంటించుకుని, ఫొటో దిగి వచ్చేశాను. ఆ మరుసటి ఏడాది మా వీధి పిల్లల స్కూలు మారిపోయింది. నడిచి వెళ్లే స్కూలు పోయి బస్సులో వెళ్లే స్కూలు వచ్చింది. ఆ హద్దు గీసింది స్కూల్ బోర్డు. బోర్డులో కూర్చున్నవాళ్ల పేర్లు నేను ఖాళీగా వదిలిన గళ్ల పక్కన ఉన్నవే.

మనవాళ్లలో చాలామందిది ఇదే కథ. నాలుగేళ్లకోసారి వాట్సాప్ గ్రూపుల్లో ప్రెసిడెంట్ ఎన్నిక గురించి కొట్టుకుంటాం. మధ్యలో వచ్చే ఎన్నికలు ఎప్పుడొచ్చాయో, ఎప్పుడు పోయాయో కూడా తెలియదు. కానీ ఇక్కడ నవంబర్ ఓటు చివరి మెట్టు మాత్రమే. చాలా సీట్ల సంగతి అంతకు నెలల ముందే, కొద్దిమంది మాత్రమే వెళ్లే ఎన్నికల్లో తేలిపోతుంది.

ముందుగా, ఓటు ఎవరికి ఉంది?

ఇది తెలియక చిక్కుల్లో పడ్డవాళ్లు ఉన్నారు కాబట్టి మొదట ఇదే చెప్పాలి. ఫెడరల్ ఎన్నికల్లో, రాష్ట్ర ఎన్నికల్లో ఓటు సిటిజన్లకే. గ్రీన్ కార్డు ఉన్నా, ఇరవై ఏళ్లుగా ట్యాక్సులు కడుతున్నా ఓటు లేదు. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. శాన్ ఫ్రాన్సిస్కో స్కూల్ బోర్డు, మేరీలాండ్‌లో కొన్ని చిన్న పట్టణాల కౌన్సిళ్లు లాంటి అరుదైన మినహాయింపులు ఉన్నాయి. అక్కడ కూడా లాయర్‌ను అడక్కుండా ముందుకు పోకండి.

చిక్కు ఎక్కువగా డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో మొదలవుతుంది. 1993 లో వచ్చిన 'మోటార్ ఓటర్' చట్టం ప్రకారం చాలా రాష్ట్రాల్లో లైసెన్సుకు వెళ్లినవాళ్లను ఓటరుగా కూడా నమోదు చేసుకుంటారా అని అడుగుతారు. కౌంటర్‌లో ఉన్న మనిషి గబగబా అడుగుతుంది, మనవాళ్లు అర్థం కాకపోయినా మర్యాదకు 'యెస్' అంటారు, లేకపోతే స్క్రీన్ మీద అన్నిటికీ టిక్కు పెట్టేస్తారు. ఆ టిక్కుకు అర్థం 'నేను అమెరికా సిటిజన్ని' అని సంతకం పెట్టడం. 1996 నాటి చట్టాల ప్రకారం సిటిజన్ కాకుండా ఫెడరల్ ఎన్నికలో ఓటు వేస్తే నేరం. సిటిజన్నని తప్పుగా చెప్పుకుంటే దేశం నుంచి పంపించెయ్యడానికి కూడా అది కారణం కావచ్చు. సిటిజన్‌షిప్‌కు పెట్టే ఎన్-400 ఫారంలో ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా అని నేరుగా అడుగుతారు. 'తెలియక చేశాను' అన్న మాట కాపాడుతుందన్న గ్యారంటీ లేదు. అమ్మానాన్నలు గ్రీన్ కార్డు మీద వచ్చి స్టేట్ ఐడీకి వెళ్తుంటే పక్కన మీరుండండి. పొరపాటున నమోదైపోయిందని తెలిస్తే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, ఆ తర్వాతే ఎవరికైనా ఉత్తరం రాయండి.

విరాళాల లెక్క కొంచెం వేరు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు అభ్యర్థులకు చందా ఇవ్వొచ్చు. వీసా మీద ఉన్నవాళ్లు ఇవ్వకూడదు. స్నేహితుడి పేరు మీద ఇచ్చి తర్వాత డబ్బు సర్దుకోవడం ఎవరికీ కుదరదు. మన బాంక్వెట్ హాళ్లలో ఫండ్‌రైజర్లు జరిగేటప్పుడు టేబుల్ కొనమని అడిగే పెద్దలు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

ఇండియా పాస్‌పోర్టు ఇంకా చేతిలో ఉన్నవాళ్లకు ఓటు ఊళ్లో ఉంది. 2010 చట్టసవరణ తర్వాత ఎన్నారైలు ఫారం 6ఏ పెట్టుకుని, పాస్‌పోర్టులో ఉన్న చిరునామా పరిధిలో ఓటరుగా చేరొచ్చు. వెయ్యాలంటే మాత్రం ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా బూత్‌కు పోవాల్సిందే. 2024 మే 13 న ఆంధ్రలో అసెంబ్లీకి, లోక్‌సభకు, తెలంగాణలో లోక్‌సభకు పోలింగ్ జరిగినప్పుడు టికెట్లు కొనుక్కుని వెళ్లి ఓటేసి వచ్చినవాళ్లు ఉన్నారు. ఓసీఐ కార్డుకు ఆ హక్కు లేదు. అమెరికా సిటిజన్ అయిన రోజునే ఇండియా పౌరసత్వం పోయినట్టు, కాబట్టి ఊరి ఓటరు లిస్టులో పేరు ఇంకా ఉంది కదా అని వెళ్లి వెయ్యకూడదు.

బీ ఫారం ఎవరిస్తారు?

మన దగ్గర ఎన్నికలంటే మొదటి ఘట్టం టికెట్టు. పార్టీ అధినేత ఎవరికి బీ ఫారం ఇస్తే వాళ్లే అభ్యర్థి. రాత్రికి రాత్రి పేరు మారుతుంది, రానివాళ్లు రెబల్‌గా నిలబడతారు. అమెరికాలో ఆ బీ ఫారం ఇచ్చేది ఓటర్లే. ఆ ఎన్నిక పేరే ప్రైమరీ. ఒకే పార్టీలో టికెట్టు ఆశించేవాళ్లందరూ ముందు వాళ్లలో వాళ్లు పోటీపడతారు, గెలిచినవాళ్లు నవంబర్‌లో అవతలి పార్టీవాళ్లతో తలపడతారు.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, చాలా నియోజకవర్గాలు ఏదో ఒక పార్టీకి కంచుకోటలు. పదేళ్లకోసారి జనాభా లెక్కల తర్వాత హద్దులు గీస్తారు. చాలా రాష్ట్రాల్లో ఆ గీతలు గీసేది అధికారంలో ఉన్న పార్టీయే. అలాంటి చోట నవంబర్ ఓటు లాంఛనం. పోటీ ఏదైనా ఉంటే అది మార్చిలోనో, జూన్‌లోనో ప్రైమరీలో ఉంటుంది.

ఆ ప్రైమరీలో ఎవరు ఓటెయ్యొచ్చన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్, జార్జియాల్లో ఓటరు కార్డు మీద పార్టీ ఉండదు. బూత్‌కు వెళ్లి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడిగి తీసుకోవచ్చు. అయితే ఒక్క పార్టీదే. టెక్సాస్‌లో మార్చిలో రిపబ్లికన్ ప్రైమరీలో ఓటేసి, మేలో డెమొక్రాట్ల రనాఫ్‌కు వెళ్తానంటే కుదరదు. నవంబర్‌లో మాత్రం ఎవరికైనా వేసుకోవచ్చు. న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడాల్లో పార్టీ సభ్యులుగా నమోదైనవాళ్లకే ప్రైమరీ. నమోదు ఫారంలో పార్టీ గడి దగ్గర 'మనకెందుకొచ్చిన గొడవ' అని ఏ పార్టీ లేదని రాసేవాళ్లు మనలో చాలామంది. అలా రాస్తే అక్కడ ప్రైమరీ పోయినట్టే. న్యూయార్క్‌లో అయితే జూన్ ప్రైమరీ కోసం పార్టీ మార్చుకోవాలంటే ఫిబ్రవరి 14 లోపే చేసుకోవాలి. న్యూజెర్సీ మధ్యే మార్గం. పార్టీ లేనివాళ్లు ప్రైమరీ రోజున వెళ్లి అక్కడికక్కడే ఒక పార్టీ ఎంచుకోవచ్చు.

కాలిఫోర్నియా దారే వేరు. 2012 నుంచి అక్కడ అన్ని పార్టీల అభ్యర్థులూ ఒకే ప్రైమరీలో ఉంటారు, మొదటి ఇద్దరు నవంబర్‌కు వెళ్తారు, ఇద్దరూ ఒకే పార్టీవాళ్లైనా సరే. 2016 లో కమలా హారిస్ సెనేట్‌కు గెలిచినప్పుడు నవంబర్‌లో ఎదురుగా ఉన్న లొరెట్టా శాంచెజ్ కూడా డెమొక్రాటే. ప్రెసిడెంట్ పదవికి మాత్రం ఈ పద్ధతి లేదు.

ప్రైమరీ ఎంత పెద్ద గండమో మనకు తెలిసిన ఇద్దరి ప్రయాణంలో కనిపిస్తుంది. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2018 లో మేరీలాండ్ నుంచి కాంగ్రెస్‌కు పోటీచేసి ప్రైమరీలోనే ఓడిపోయారు. ఆ ప్రైమరీ గెలిచిన డేవిడ్ ట్రోన్ నవంబర్‌లోనూ గెలిచారు. నాలుగేళ్ల తర్వాత ఆమె వెస్ మోర్‌తో కలిసి ఒకే ప్యానెల్‌గా నిలబడి లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు, ఎందుకంటే మేరీలాండ్‌లో గవర్నర్‌కు, లెఫ్టినెంట్ గవర్నర్‌కు కలిపి ఒకటే ఓటు. పక్కనే ఉన్న వర్జీనియాలో ఆ రెండు పదవులకు వేర్వేరు ఓట్లు. హైదరాబాద్‌లోనే పుట్టిన గజాలా హాష్మీ 2025 నవంబర్‌లో అక్కడ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. అంతకు ముందు జూన్‌లో ఆమె గెలిచిన డెమొక్రాటిక్ ప్రైమరీలో ఆరుగురు అభ్యర్థులు. మూడో వంతు ఓట్లు కూడా రాకుండానే ఆమె మొదటి స్థానంలో నిలిచారు. మిగతావాళ్లకు ఇంకా తక్కువ. అదే టెక్సాస్ అయి ఉంటే ఆమె రెండో స్థానంలో ఉన్నవారితో మళ్లీ పోటీపడాల్సి వచ్చేది.

ఎక్కువ ఓట్లా, సగానికి పైనా?

పై తేడా దగ్గరే కొంచెం ఆగాలి, ఎందుకంటే ఓట్లు లెక్కపెట్టే పద్ధతి మారితే గెలిచే మనిషి కూడా మారవచ్చు. మన ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లాగే అమెరికాలోనూ ఎక్కువ చోట్ల అందరికన్నా ఎక్కువ వచ్చినవాళ్లు గెలిచినట్టు. 35 శాతమైనా చాలు. జార్జియా ఒప్పుకోదు. సగానికి పైన రాకపోతే మొదటి ఇద్దరికి రనాఫ్. 2021 జనవరి 5 న అక్కడ రెండు సెనేట్ సీట్లకూ రనాఫ్ జరిగింది, రెండూ డెమొక్రాట్లకు పోయాయి, దాంతో దేశం మొత్తం మీద సెనేట్ ఎవరి చేతిలో ఉండాలన్నది తేలింది. అట్లాంటా చుట్టుపక్కల ఉన్న మనవాళ్లు సంక్రాంతి ముందు మళ్లీ క్యూలో నిలబడాల్సి వచ్చింది.

ఇంకో పద్ధతి ర్యాంక్‌డ్ చాయిస్. పేరు కొత్తగా ఉంది కానీ మనకు బాగా తెలిసిందే. ఊళ్లో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో 1, 2, 3 అని ప్రాధాన్యత అంకెలు వేస్తాం కదా, అదే. మొదటి ప్రాధాన్యతలో ఎవరికీ సగం దాటకపోతే అట్టడుగున ఉన్నవాళ్లను తప్పించి, వాళ్ల ఓట్లను రెండో ప్రాధాన్యత ప్రకారం పంచుతారు. న్యూయార్క్ నగరం 2021 నుంచి సిటీ పదవుల ప్రైమరీల్లో, మెయిన్, అలాస్కా రాష్ట్రాలు పెద్ద ఎన్నికల్లోనూ దీన్ని వాడుతున్నాయి. రెండో ప్రాధాన్యత దేనికిలే అని వదిలెయ్యకండి. 1969 లో భారత రాష్ట్రపతి ఎన్నికలో నీలం సంజీవరెడ్డి మీద వి.వి. గిరి గెలిచింది రెండో ప్రాధాన్యత ఓట్లు లెక్కపెట్టాకే. ఇద్దరూ తెలుగువాళ్లే.

ఓట్లు సమానమైతే? ఊళ్లో సర్పంచ్ ఎన్నికల్లోలాగే చీటీ తీస్తారు. 2017 లో వర్జీనియాలో ఒక అసెంబ్లీ సీటులో ఇద్దరికీ ఓట్లు సరిగ్గా సమానమయ్యాయి. 2018 జనవరిలో గిన్నెలోంచి పేరు తీశారు. ఆ చీటీతోనే సభలో మెజారిటీ రిపబ్లికన్లకు మిగిలింది.

వాషింగ్టన్‌కు వెళ్లే పదవులు

హౌస్ ఆఫ్ రెప్రజెంటేటివ్స్ మన లోక్‌సభ లాంటిది. 435 సీట్లు, రెండేళ్ల పదవీకాలం. గెలిచి ప్రమాణం చేసిన మర్నాటి నుంచే మళ్లీ ప్రచారం అనుకోవచ్చు. సెనేట్‌కు రాష్ట్రానికి ఇద్దరు, మొత్తం 100, ఆరేళ్లు, రెండేళ్లకోసారి మూడో వంతు సీట్లకు ఎన్నిక. 1913 లో రాజ్యాంగ సవరణ వచ్చేదాకా సెనేటర్లను రాష్ట్ర శాసనసభలే ఎన్నుకునేవి, అచ్చం మన రాజ్యసభ లాగా. ఇప్పుడు జనమే నేరుగా ఎన్నుకుంటారు. ప్రెసిడెంట్ ఎన్నిక లేకుండా మధ్యలో వచ్చేదాన్ని మిడ్‌టర్మ్ అంటారు. 2026 లో అది నవంబర్ 3 న. నవంబర్‌లో మొదటి సోమవారం తర్వాత వచ్చే మంగళవారం అన్నది 1845 నుంచి ఉన్న లెక్క.

ప్రెసిడెంట్ ఎన్నిక గురించి అందరూ మాట్లాడతారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మనం ఓటేసేది ఎలక్టర్లకు. ప్రతి రాష్ట్రానికి హౌస్ సీట్లకు రెండు కలిపితే ఎన్నో అన్ని ఎలక్టోరల్ ఓట్లు. కాలిఫోర్నియాకు 54, టెక్సాస్‌కు 40, జార్జియాకు 16, న్యూజెర్సీకి 14. వాషింగ్టన్ డీసీకి 3. మొత్తం 538, గెలవాలంటే 270. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా చోట్ల రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఆ రాష్ట్రం ఓట్లన్నీ వాళ్లవే. అందుకే 2016 లో హిల్లరీ క్లింటన్‌కు దేశం మొత్తం మీద 28 లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు వచ్చినా ట్రంప్ గెలిచారు. 2000 లో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో బుష్ ప్రెసిడెంట్ అయ్యారు. జార్జియాలో 2020 లో తేడా 11,779. న్యూజెర్సీలో, కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లు 'మా ఓటుతో ఏం మారుతుంది' అంటే ప్రెసిడెంట్ వరకు ఆ మాటలో కొంత నిజం ఉంది. అదే కాగితం మీద కింద ఉన్న పదవుల విషయంలో మాత్రం లేదు.

ఎవరికీ 270 రాకపోతే హౌస్ నిర్ణయిస్తుంది, రాష్ట్రానికి ఒక్క ఓటు చొప్పున. 1824 ఎన్నిక తర్వాత అలాగే జరిగింది.

అన్నట్టు, ఇక్కడ దేశం మొత్తానికి ఎన్నికలు జరిపించే ఎలక్షన్ కమిషన్ లేదు. జరిపేది రాష్ట్రాలు, వాటి కింద కౌంటీలు. అందుకే రాత్రి టీవీలో గెలుపు ప్రకటించేది వార్తా సంస్థలు, అధికారిక లెక్క తర్వాత వస్తుంది. 'ఏపీ డిక్లేర్ చేసింది' అని వినిపిస్తే అది అసోసియేటెడ్ ప్రెస్, ఆంధ్రప్రదేశ్ కాదు.

బ్యాలెట్ వెనక పేజీ

నా సలహా అడిగితే కాగితాన్ని కిందినుంచి పైకి చదవండి. స్కూల్ బోర్డు సూపరింటెండెంట్‌ను నియమిస్తుంది, స్కూలు హద్దులు గీస్తుంది, బడ్జెట్ ఆమోదిస్తుంది. చాలా చోట్ల ఈ అభ్యర్థుల పక్కన పార్టీ పేరు ఉండదు, కాబట్టి పార్టీని చూసి వేసే వీలు లేదు. టెక్సాస్‌లో ఎన్నో నగరాల కౌన్సిల్, స్కూల్ బోర్డు ఎన్నికలు మే మొదటి శనివారం జరుగుతాయి. ఆ రోజు మన పిల్లలకు క్రికెట్ మ్యాచో, కూచిపూడి క్లాసో ఉంటుంది. వచ్చే ఓటర్లు అంత తక్కువ కాబట్టి ఒక సబ్‌డివిజన్‌లో ఉన్న కుటుంబాలు కదిలినా ఫలితం మారిపోవచ్చు. షెరిఫ్, డిస్ట్రిక్ట్ అటార్నీ, చాలా రాష్ట్రాల్లో జడ్జీలు కూడా ఎన్నికైనవాళ్లే. జడ్జికి ఓటెయ్యడం మనకు వింతగా ఉంటుంది. టెక్సాస్‌లో అయితే జడ్జి పేరు పక్కన పార్టీ కూడా ఉంటుంది.

బాండ్ అంటే స్కూళ్లు కట్టడానికో, రోడ్లు వెయ్యడానికో అప్పు తెచ్చుకోవడానికి మన అనుమతి అడగడం. తీర్చేది చాలావరకు మన ప్రాపర్టీ ట్యాక్సుతోనే. కొత్త హైస్కూలు కావాలా, ట్యాక్సు తగ్గాలా అన్నది ఎవరింటి లెక్క వాళ్లది, కానీ ఖాళీగా వదిలితే పక్కింటివాళ్లు మనకూ కలిపి నిర్ణయిస్తారు.

కొన్ని రాష్ట్రాల్లో చట్టాలనే నేరుగా ఓటుకు పెడతారు. కాలిఫోర్నియాలో వీటిని ప్రొపొజిషన్లు అంటారు. 1978 లో జనం ఆమోదించిన ప్రొపొజిషన్ 13 ప్రాపర్టీ ట్యాక్సు మూల రేటును ఇంటి లెక్కగట్టిన విలువలో 1 శాతానికి కట్టేసింది. ఇల్లు చేతులు మారేదాకా ఆ విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెంచకూడదంది. ఫ్రీమాంట్‌లోనో, శాన్ హోసేలోనో కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు, ముప్పై ఏళ్ల కింద కొన్న పక్కింటాయన కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ట్యాక్సు ఎందుకు కడుతున్నారంటే కారణం ఆ ఓటే. మధ్యలో దించేసే ఎన్నిక కూడా ఉంది, దాన్ని రీకాల్ అంటారు. 2003 లో గవర్నర్ గ్రే డేవిస్‌ను అలా దించి ష్వార్జ్‌నెగ్గర్‌ను ఎన్నుకున్నారు. 2021 లో గావిన్ న్యూసమ్ మీద పెట్టినది వీగిపోయింది.

బూత్‌కు వెళ్లే ముందు

కౌంటీ ఎలక్షన్ ఆఫీసు వెబ్‌సైట్‌లో మీ చిరునామా ఇస్తే శాంపిల్ బ్యాలెట్ వస్తుంది. వారం ముందే ప్రింట్ తీసి భోజనాల బల్ల మీద పెట్టుకోండి. చదువుకుని, రాసుకున్న కాగితం చాలా రాష్ట్రాల్లో బూత్‌లోకి తీసుకెళ్లొచ్చు. ఫోన్ మాత్రం కొన్ని చోట్ల ఒప్పుకోరు. ఇల్లు మారితే ఓటరు నమోదు కూడా మార్చుకోవాలి. గడువు రాష్ట్రాన్ని బట్టి ఎన్నికకు 30 రోజుల ముందు నుంచి అదే రోజు దాకా ఉంటుంది. వర్జీనియా, మేరీలాండ్, ఇల్లినాయ్, నార్త్ కరోలినా లాంటి చోట్ల నవంబర్‌కు 18 నిండే పిల్లలు 17 ఏళ్లకే ప్రైమరీలో ఓటెయ్యొచ్చు. కాలేజీకి వెళ్లినవాళ్లు అక్కడో, ఇంటి దగ్గరో ఒక్క చోటే నమోదు చేసుకోవాలి.

సిటిజన్లయిన అమ్మానాన్నలకు ఇంగ్లీషు చదవడం రాకపోతే, తమకు నచ్చినవాళ్లను సాయంగా బూత్‌లోకి తీసుకెళ్లే హక్కు ఫెడరల్ చట్టంలోనే ఉంది. పనిచేసే చోటి యజమాని, యూనియన్ ప్రతినిధి తప్ప కొడుకు, కూతురు, పక్కింటావిడ ఎవరైనా సరే. లిస్టులో పేరు లేదని వెనక్కి పంపబోతే ప్రొవిజనల్ బ్యాలెట్ అడగండి. 2002 చట్టం ప్రకారం అది ఇవ్వాలి. దాంతోపాటు, ఆ ఓటు లెక్కలోకి వచ్చిందో లేదో, రాకపోతే ఎందుకు రాలేదో తర్వాత ఎలా తెలుసుకోవాలో రాసి ఉన్న కాగితం కూడా ఇస్తారు. దాన్ని పారెయ్యకుండా దాచుకోండి.